కుదురు లేని కత్తి

చూపుడువేలు పైకెత్తి, "ఉండండి, కత్తి ఇంకా కుదురుకోలేదు" అనేవాడు మామయ్య. అని, కుర్చీలో మనిషిని మొహం నిండా సబ్బు నురగతో అలాగే వదిలేసి, అద్దం పక్కన కొక్కేనికి వేలాడే తోలుపట్టీ దగ్గరికి వెళ్ళేవాడు. పట్టీ కొసని ఎడమచేత్తో బిగలాగి, కుడిచేత్తో కత్తిని దాని మీద దువ్వేవాడు. వెన్ను ముందు, అంచు వెనక. పట్టీ చివరికి రాగానే కత్తి వెన్ను మీద పొర్లి వెనక్కి తిరిగేది. గడ్డం చెయ్యడం ఆయన వృత్తి. కత్తి దువ్వడం ఆయన వ్యసనం. రెంటిలో దేనికి ఎక్కువ పొద్దు పోయేదో వీధిలో ఎవరినడిగినా చెప్పేవారు.

వీధి మొత్తానికీ ఆయన మామయ్యే. నిజంగా మామ అయింది మాత్రం రెండో కుర్చీ దగ్గర పని చేసే అల్లుడికి. ఇద్దరిదీ ఒకే ఇల్లు, ఒకే దుకాణం. అల్లుడి కత్తిలో బ్లేడు మార్చుకుంటే చాలు. దువ్వడాలు లేవు, బుజ్జగింపులు లేవు. అతని కుర్చీలో నలుగురు కూచుని లేచేసరికి మామయ్య కుర్చీలో ఒకే మనిషి ఒకే చెంపతో ఉండేవాడు.

మామయ్య దృష్టిలో కత్తి ప్రాణమున్నది. సాన మీద నూరడం దానికి వైద్యం, ఎప్పుడో గాని చెయ్యకూడదు. పట్టీ మీద దువ్వడం తిండి, రోజూ పెట్టాలి. గడ్డం మీద నడిచే కొద్దీ అంచు పక్కకి వాలుతుందనీ, పట్టీ దాన్ని లేపి నిలబెడుతుందనీ చెప్పేవాడు. అంతవరకూ అల్లుడూ ఒప్పుకున్నాడు. కానీ కుడి చెంప అయ్యాక ఒకసారి, ఎడమ చెంప అయ్యాక ఒకసారి, పైపెదవికి ముందు ఒకసారి తిండి పెడుతుంటే, అది కత్తా, కడుపుతో ఉన్న కూతురా అని అతనికి సందేహం వచ్చేది.

ఒక లారీ డ్రైవరు ఓపిక పట్టలేక సగం గడ్డంతోనే వెళ్ళిపోయాడు. సరుకు దించి, సాయంత్రం తిరిగొచ్చి అదే కుర్చీలో కూచున్నాడు. మామయ్య ఏమీ ఆశ్చర్యపోలేదు. కత్తి ఇప్పుడే కుదిరిందని చెప్పి రెండో చెంప మొదలుపెట్టాడు. కోర్టులో సాక్ష్యం చెప్పాల్సిన గుమాస్తా ఒకాయన ఒకవైపు మీసంతో బోనెక్కాల్సి వచ్చింది. ప్రతి ప్రశ్నకీ అరచెయ్యి మూతికి అడ్డం పెట్టుకుని జవాబు చెబుతుంటే, ఈ సాక్షి ఏదో దాస్తున్నాడని అవతలి వకీలు పట్టుకున్నాడట. ఆయన ఆ మర్నాడు కూడా మామయ్య దగ్గరికే వచ్చాడు. పోయిన సగం మీసం ఇక్కడే ఉంది కదా మరి.

మీ నాన్న మొదట్నించీ ఇంతేనా అని అల్లుడు ఒకనాడు భార్యని అడిగాడు. మన పెళ్ళప్పుడు ఇంత లేదు, ఈ మధ్యే ముదిరింది అందామె. వయసు అనుకున్నారిద్దరూ. ఈలోగా రోడ్డుకి అవతల కొత్త సెలూన్ తెరిచారు. సగం గడ్డాలవాళ్ళు ఒక్కొక్కరే రోడ్డు దాటడం మొదలుపెట్టారు. ఇలాగే సాగితే తమకి మిగిలేది రెండు కుర్చీలూ ఒక తోలుపట్టీయే అని అల్లుడికి దిగులు పట్టుకుంది.

ఎంతసేపైనా పల్లెత్తు మాట అననివాడు ఒక్కడే, పక్క దుకాణం దర్జీ. వీధిలో పెద్దమనుషుల కోట్లన్నీ ఆయన చేతి మీదే. ఆయన కూడా ఒక వారం, పని చాలా ఉంది, ఈసారికి అల్లుడి దగ్గర కూచుంటానన్నాడు. మామయ్య తువ్వాలు దులిపి, "ఆ కుర్చీకి కాలు విరిగింది" అన్నాడు. ఆ కుర్చీలో అప్పుడే ఒక లావుపాటి మనిషి గుర్రుపెట్టి నిద్రపోతున్నాడు.

అల్లుడికి మనసు కష్టమైంది. తన చేతి పని మీద మామకి అసూయ అనుకున్నాడు. మరుసటి వారం దర్జీ వచ్చే వేళకి తోలుపట్టీ తీసి దాచేశాడు. అద్దం ముందు కొత్త బ్లేడు కత్తి పెట్టాడు.

దర్జీ వచ్చి కూచున్నాడు. గుమాస్తా పేపరు చదువుతూ వంతు కోసం చూస్తున్నాడు. మామయ్య నురగ పూసి, వేలు పైకెత్తి, కొక్కెం వైపు తిరిగాడు. ఖాళీ కొక్కేన్ని చూశాడు. బ్లేడు కత్తిని చూశాడు. అల్లుణ్ణి చూడలేదు. మెల్లగా నడుముకున్న బెల్టు విప్పి కొక్కేనికి తగిలించాడు. ఒక చేతిలో బెల్టు కొస, ఇంకో చేతిలో కత్తి. ప్యాంటు పట్టుకోవడానికి మూడో చెయ్యి లేదు.

"అల్లుడూ, ఇలా వచ్చి వెనక పట్టుకో."

"మామయ్యా, బ్లేడుంది కదా."

"ముందు ప్యాంటు పట్టుకో. అది జారాక బ్లేడుండి ఏం లాభం?"

గుమాస్తా పేపరు దించేశాడు. బయట వెళ్ళేవాళ్ళు ఆగి తొంగి చూశారు. అల్లుడు సిగ్గుతో చచ్చిపోతూ మామ ప్యాంటు పట్టుకుని, ఆయన భుజం మీదుగా అద్దంలోకి చూశాడు. అప్పుడు కనిపించింది. మామయ్య చూస్తున్నది కత్తిని కాదు. దర్జీ మెడని.

దర్జీ తల అదురుతోంది. సన్నగా, ఆగకుండా, కుట్టుమిషను సూదిలా. ఎవరైనా చూస్తున్నారేమోనన్న బెదురుకి ఇంకా ఎక్కువవుతోంది. కానీ ఇప్పుడు దర్జీని చూసేవాళ్ళెవరూ లేరు, ఊరి కళ్ళన్నీ మామయ్య ప్యాంటు మీదే ఉన్నాయి. బెల్టు మీద కత్తి అటూ ఇటూ నడుస్తూంటే ఆ అదురు నెమ్మదిగా తగ్గి, ఆగింది. దర్జీ నవ్వాడు కూడా.

"ఆ, కుదిరింది" అని మామయ్య దర్జీ గొంతు మీద కత్తి పెట్టాడు. ఒక్క గాటు పడలేదు.

దుకాణం ఖాళీ అయ్యాక అల్లుడు పట్టీ తెచ్చి కొక్కేనికి తగిలించాడు. వెనక్కి తిరిగి అడిగాడు.

"మరి ఆ సంగతి నాతోనైనా అనకూడదా?"

"నోరు జారితే పక్క దుకాణానికి వినిపిస్తుంది. తల అదిరే దర్జీకి కోటు గుడ్డ ఎవడిస్తాడురా? మిషను ముందు ఒక్కడే కూచుంటే వాడి చెయ్యి ఇప్పటికీ రాయిలా ఉంటుంది. ఆ ముక్క ఎవడికి చెబితే నమ్ముతాడు?"

"సరే. మిగతావాళ్ళనెందుకు సతాయించడం? ఆ గుమాస్తా ఏం పాపం చేశాడు?"

"వాడొక్కడికే దువ్వితే, ఎందుకో వాడికి తెలిసిపోదూ" అన్నాడు మామయ్య. "గుమాస్తాకి ఇంకో మీసం మొలుస్తుంది."

మర్నాడు పొద్దున అల్లుడికి ఇంట్లో తన బెల్టు కనిపించలేదు. ఒక చేత్తో ప్యాంటు ఎగలాక్కుంటూ దుకాణానికొచ్చాడు. మామయ్య అప్పటికే తలుపులు తీసి ఉన్నాడు. ఆయన నడుముకి అల్లుడి బెల్టుంది. రెండో కుర్చీ పక్కన గోడకి కొత్త మేకు, దానికి ఆయన పాత బెల్టు, కింద బల్ల మీద దువ్వే కత్తి ఒకటి.

"ఒక్కడు దువ్వితే పిచ్చంటారు. ఇద్దరు దువ్వితే పద్ధతంటారు" అని, ప్యాంటుకి కట్టుకోమని అల్లుడికి ఒక పురికొస ఇచ్చాడు. తొందర పనుందని మొత్తుకుంటున్న మొదటి మనిషిని భుజం పట్టి నడిపించి, రెండో కుర్చీలో కూచోబెట్టాడు.