వాన రోజున తెరిచిన గొట్టం

చంద్రుడి మీద మనిషికి పనికొచ్చేవి ఏమున్నాయో వెతకడమే నా ఉద్యోగం. ముప్పై ఏళ్ళకు పైగా అదే చేశాను. మీ మొదటి ఫలితం ఏమిటని ఎవరైనా అడిగితే మాత్రం మాట మార్చేసేదాన్ని. ఇప్పుడు దాచి ఏం లాభం, చెప్పేస్తాను.

డెబ్బైల మొదట్లో నేను విశాఖపట్నంలో పరిశోధన విద్యార్థిని. మా ప్రొఫెసరుగారికి, వ్యోమగాములు తెచ్చిన చంద్రుడి మట్టి రెండు సన్నటి గాజు గొట్టాల్లో వచ్చింది. ఒక్కోదాంట్లో చిటికెడు. గొట్టాల మూతులు కరిగించి మూసేసి ఉన్నాయి. ఆ మట్టిని వేడి చేసి, అందులోంచి ఏమేం బయటికొస్తాయో కొలవడం నా పని. దాంట్లో నీరు బొత్తిగా లేదని అప్పటికే పెద్దవాళ్ళు తేల్చేశారు. నీరుంటే అక్కడ మనిషి బతకొచ్చు, దాన్ని విడగొట్టి ఇంధనం చేసుకోవచ్చు. లేకపోతే ప్రతి చుక్కా ఇక్కడి నుంచి మోసుకుపోవాల్సిందే.

మొదటి గొట్టం తెరిచి వేడి చేస్తే నాకు నీరు కనిపించింది. కొంచెమే, కానీ కనిపించింది. నా కాళ్ళు నేల మీద నిలవలేదు. ప్రొఫెసరుగారు రెండుసార్లు సరిచూసి వ్యాసం రాయమన్నారు, నా పేరే ముందు వేస్తామన్నారు. దాన్ని టైపుకిచ్చి నాలుగు రోజులకని మా ఊరు చోడవరం వెళ్ళాను.

శ్రావణమాసం, ముసురు పట్టింది. మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది: వాన పడుతుంటే బెల్లం కుండ మూత తీయకూడదు. మా చెరుకుతో వండించుకున్న బెల్లం అది, ఏడాదంతా రావాలి. అమ్మ దాన్ని కుండలో పెట్టి, మూత మీద గుడ్డ బిగించి, పొయ్యి పైనున్న అటక మీద ఉంచేది. ఎండ కాసిన రోజు చూసి వారానికి సరిపడా తీసేది. ఇదంతా తెలిసి కూడా, సంబరంలో పరమాన్నం చేద్దామని కుండ దింపి గుడ్డ విప్పబోయాను.

"ఒసే గుంటా, ఏటే ఆ పని! వాన పడతంది, కనపడట్లేదేటి? గాల్లో సెమ్మంతా తాగేసి బెల్లం పాకమైపోద్ది!" అని అమ్మ కుండ లాక్కుంది.

ఎందుకంత సంబరమో చెప్పాను. గాజు గొట్టం, చిటికెడు మట్టి, అందులో దొరికిన నీరు, అన్నీ. అమ్మ కుండకు గుడ్డ బిగిస్తూనే శ్రద్ధగా వింది.

"మరి నువ్వా గొట్టం తీసినప్పుడు వాన పడతందేటే?" అంది.

నాకు ఒళ్ళు మండింది. "అది బెల్లం కాదమ్మా, చంద్రుడి మట్టి!"

"ఏటో, నాకేటి తెల్సు? అడిగేనంతే."

మర్నాడే బస్సెక్కేశాను. గొట్టం తెరిచిన రోజు వాన పడిందో లేదో నాకే గుర్తు రాలేదు, అసలు కోపం దానికి. అనకాపల్లి దాటాక గుర్తొచ్చింది. ఆ రోజు మట్టిని తూకం పళ్ళెంలో వదిలేసి, జల్లు కొడుతోందని కిటికీ రెక్కలు వేయడానికి లేచాను.

టైపైన కాగితాలు నా బల్ల మీదే ఉన్నాయి. పంపేస్తే అడిగేవాళ్ళు లేరు. గంటసేపు వాటి ముందు కూర్చున్నాను. చెప్పకూడదనే అనుకున్నాను, అబద్ధం ఎందుకు. తర్వాత భయం వేసి చెప్పేశాను. ప్రొఫెసరుగారు తిట్టలేదు, తిట్టినా బాగుండేది.

"రెండో గొట్టం ఉంది కదమ్మా," అన్నారు.

అంతకు మించి మా దగ్గర మట్టి లేదు. ఈసారి పొడి వాయువు నింపిన పెట్టెలోనే గొట్టం విరిచి, అందులోనే తూచి, వేడి చేశాం. నీటి దగ్గర ముల్లు కదల్లేదు.

వ్యాసం చింపేశాం. నా థీసిస్ రెండేళ్ళు వెనక్కి పోయింది. చంద్రుడి మట్టికి మన గాలి చెమ్మ తగలకుండా ఎలా చూడాలన్న దాని మీదే చివరికి అది రాశాను. ఆ తర్వాతి ఉద్యోగమంతా ఆ పద్ధతి మీదే నడిచింది. చంద్రుడి ధ్రువాల దగ్గర నీటి జాడలు నిజంగా దొరికే నాటికి నేను రిటైరైపోయాను.

రెండో గొట్టం తెరిచిన ఏడే, దసరా సెలవులకు వెళ్ళినప్పుడు అమ్మకు చెప్పాను. "నీళ్ళు లేవమ్మా. నువ్వన్నదే నిజం. నేను చూసింది మన వాననే."

తన మాటే నెగ్గిందని నవ్వుతుందనుకున్నాను. ఆమె మొహం చిన్నబోయింది.

"అయ్యో, ఉన్నాయని వీధంతా సెప్పేసేనే," అంది.

నేను విసురుగా వెళ్ళిపోయిన రోజునే ఇల్లిల్లూ తిరిగి చెప్పిందట. నన్ను అలా అడిగిన మనిషే! నాకు తల కొట్టేసినట్టయింది. గదిలోకి పోయి కూర్చున్నాను. అమ్మ చెంగు దోపుకుని మళ్ళీ వీధిలోకి వెళ్ళింది. ఎదురింటి గుమ్మంలో ఆమె గొంతు కిటికీలోంచి నాకు స్పష్టంగా వినబడింది.

"సంద్రుడి మీద నీళ్ళు లేవంట. ఎవులో సెప్పింది కాదు, మా గుంటే సూసి సెప్పింది."