వెనుక కుడి టైరు

ఏళ్లుగా నా గుండె మీద ఒక బరువుంది. ఈరోజు మీకు చెప్పబోయేది ఒక మహాకావ్యం. ఇందులో బొంబాయి నుంచి వచ్చిన ఎర్రటి రథం ఉంది, నమ్మకద్రోహం ఉంది, ఒక మనిషి పతనం ఉంది.

అంత లేదు. ఇది టైరు సంగతి. బరువు మాత్రం నిజం.

సిద్దిపేటలో సిమెంటు వ్యాపారం చేసే మా మేనమామ ఎవరో బొంబాయి సేటు దగ్గర విదేశీ స్పోర్ట్స్ కారు కొన్నాడు. అందులో ఇద్దరే పడతారు. మా ఇంట్లో కూరగాయలకు కూడా నలుగురు కలిసి వెళ్తారు. మేకలకు దారిస్తూ నడవాల్సిన ఊళ్లో అంత వేగం దేనికో ఎవరూ అడగలేదు. డ్రైవరు యాదగిరి మాత్రం ఆ కారును చంటిపిల్లలా చూసుకునేవాడు.

ఒకరోజు వాళ్లిద్దరూ జీపులో హైదరాబాదు వెళ్లారు. నేను కారు తాళం తీశాను. దోస్తులకు చూపించాలి కదా. చిన్నకోడూరు రోడ్డు మీద ఒక రాయి తగిలి వెనుక కుడి టైరు చీలిపోయింది. ఆ సైజు టైరు మన దగ్గర ఎక్కడ దొరుకుతుంది? గజ్వేల్ దాకా తిరిగితే ఒక పాత టైరు దొరికింది. ఒక సైజు చిన్నది, పైగా అరిగి నున్నగా ఉంది. ఎక్కుతుందన్నాడు దుకాణం ఆయన. ఎక్కింది. చీలిన దాన్ని పొలం దగ్గరి మోటరు కొట్టం వెనుక పడేశాను.

మర్నాటి నుంచి కారు మొండికేసింది. యాక్సిలరేటర్ తొక్కితే పసుపు లైటు వెలగడం, ఇంజను నీరసించడం. దిష్టి తగిలిందన్నారు. వర్గల్ తీసుకెళ్లి పూజ చేయించారు. చదువుల తల్లి గుడిలో కారుకు పూజ. నిమ్మకాయ సరిగ్గా ఆ టైరు కిందే పెట్టారు. అందరికంటే భక్తిగా దండం పెట్టింది నేనే.

చివరికి మామ బొంబాయిలో ఆ కారు చూసే మెకానిక్కుకు ఫోన్ చేశాడు. అతను మాట్లాడేది ఇంగ్లీషు. డిగ్రీ చదివానని రిసీవర్ నా చేతికిచ్చారు. అతను ఓపిగ్గా చెప్పాడు. చక్రం జారుతోందని తోస్తే ఇంజను బలాన్ని తనంతట తానే తగ్గించే ఏర్పాటు ఆ కారులో ఉందట. చిన్న టైరు, అందులోనూ అరిగింది, అంతే దూరానికి మిగతా వాటికంటే ఎక్కువసార్లు తిరుగుతుంది. అది జారుతోందని కారు భ్రమపడుతుంది. టైరు ఏమైనా మార్చారా అని అడిగాడు. నేను నంగిగా, యెస్ సర్, అన్నాను.

“ఏమంటుండు రా?” అన్నాడు మామ. యాదగిరి గడప దగ్గర నిలబడి ఉన్నాడు.

“పెట్రోల్ల ఏదో కలిసిందంటుండు మామా.”

కిరోసిన్ కలిపి పెట్రోలు మిగుల్చుకున్నాడని అనుమానమొచ్చి మామ అటు తిరిగాడు. “గ్యాసునూనె కలిపినవా యాదిగా?”

“నా పిల్లల మీద ఒట్టు పటేలా. గా బండికి నీళ్లు గూడ వడగట్టి పోసిన.”

అప్పుడైనా చెప్పొచ్చు కదా? చెబితే ఏమయ్యేది? రెండు చెంపదెబ్బలు, వారం రోజుల తిట్లు. నేనేం చేశానో తెలుసా? జోకు వేశాను. “కారును అత్తకియ్యి మామా, గ్యాసునూనె పొయ్యి లెక్క అన్నం వండుకుంటది.” గదిలో అందరూ నవ్వారు. యాదగిరి కూడా నవ్వబోయి, ఆగిపోయాడు.

ఆ సాయంత్రం చాయ్ హోటల్లో అదే జోకు మళ్లీ వేశాను. ఊరు దాన్ని అందుకుంది. యాదగిరి పని పోయింది. గ్యాసునూనె యాదగిరి అన్న పేరు మాత్రం మిగిలింది. ఆ పేరున్న మనిషి చేతికి బండి ఎవరిస్తారు? ఇప్పుడు ఇటుక బట్టీలో మట్టి తొక్కుతున్నాడు. నేనెదురైతే నమస్తే పెడతాడు. నా మీద నాకు విసుగొచ్చేది అక్కడే. అబద్ధం భయంతో ఆడాను, సరే. జోకు ఎందుకు? దాన్ని ఎవరడిగారు? నా అబద్ధాన్ని నవ్వులో పెట్టి ఊరంతా పంచింది నేనే కదా.

యాదగిరి ఇంటి దాకా చాలాసార్లు వెళ్లాను. ఏదో ఒక చలోక్తి విసిరి వచ్చేశాను. మీతో మాత్రం చెప్పాను. మీరు క్షమించనక్కర్లేదు, ఆ అధికారం మీకు లేదు కూడా. అయినా కాస్త ఊపిరి ఆడుతోంది.

కారును మామ మరుసటేడు అమ్మేశాడు. కొన్నాయన వెనుక టైర్లు రెండూ మార్పించాడు. బాగానే నడుస్తోందట.