చంద్రుడైపోయిన బంతి

హెరాత్‌లో మా వీధివాడు మాహ్యార్ కవి కాదు, కవిగారి గొంతు. ఖైసరీ కవిగారికి ముందుపళ్ళు లేవు. అందుకని ఆయన రాసిన పొగడ్తలన్నీ దర్బారులో ఇతనే చదివేవాడు. కవిగారు చదివితే సింహం సణిగినట్టుండేది. మాహ్యార్ చదివితే దోమ కూడా గర్జించేది. ఇంట్లో మాత్రం అతనికొక గొంతుందన్న సంగతే తెలిసేది కాదు. మాట్లాడేదంతా భార్య నాజ్‌బానూ. ఇంటి వెనక మల్బరీ తోట ఆమె పుట్టింటివారిచ్చింది. ఆ పళ్ళు ఎండబెట్టుకుంటేనే వాళ్ళకి చలికాలం గడిచేది.

ఆ ఏడు అమీరుగారికి గుర్రాల మీద ఆడే బంతాట మీద మోజు పుట్టింది. కోటకి ఆనుకుని మైదానం కావాలన్నారు. కోటకి ఆనుకుని ఉన్నది మాహ్యార్ తోట. భటులొచ్చి నరకాల్సిన చెట్లకి సున్నం పూసి వెళ్ళారు.

నాజ్‌బానూ అరవలేదట. అదే అతన్ని భయపెట్టింది.

"ఊళ్ళో గాడిదలన్నిట్నీ గుర్రాల్ని చేశావు కదయ్యా, నా చెట్లని చెట్లుగా ఉంచలేవా?" అంది.

మెహ్రగాన్ పండగకి కవిగారు బంతాట మీదే కొత్త పొగడ్త రాశారు. తోట గురించి ఒక్క పాదం చేర్చమని మాహ్యార్ బతిమాలాడు. అడుక్కుంటే అది పొగడ్త ఎలా అవుతుందిరా, అర్జీలకి వేరే వాకిలుంది పొమ్మన్నారాయన.

పండగనాడు నిండు దర్బారులో మాహ్యార్ గొంతెత్తాడు. ఏలినవారు కొట్టిన బంతి వెళ్ళి ఆకాశానికి అతుక్కుంటే, తెలియక మేం దాన్ని చంద్రుడన్నామని ఒక పద్యం. అమీరు కళ్ళు అరమోడ్చి "మళ్ళీ" అన్నారు. మళ్ళీ అంటే మళ్ళీ చదవాల్సిందే, అది అక్కడి మర్యాద. చదివిన ప్రతిసారీ వజీరుగారు నిజం, నిజం అని గుండె మీద చెయ్యి వేసుకున్నారు. మూడోసారి చదివాక మాహ్యార్ ఆగిపోయాడు. ఏమైందని అమీరు అడిగారు.

"సిగ్గేస్తోంది ప్రభూ. చంద్రుడిదాకా కొట్టే చేతికి నా పెరటిముక్క మైదానమా? చూసినవాళ్ళు ఏమనుకుంటారు?"

తోట చాలునని చెప్పబోయి వజీరుగారు నోరు మూసుకున్నారు. చాలునంటే ఏలినవారి బంతి తోట గోడదాకే పోతుందని ఒప్పుకున్నట్టు. అమీరు ఆయన వైపే తిరిగి ఎంత చోటు కావాలని అడిగారు. ఏటి అవతల బయలంతా తీసుకున్నా ఇరుకేనన్నారు వజీరుగారు, చెమట తుడుచుకుంటూ.

"సర్దుకుంటాలే," అన్నారు అమీరు.

తోట నిలిచింది. కానీ బంతి ఎటు పోయిందో చాటే పని మాహ్యార్ నెత్తిన పడింది. మొదటి ఆటలో అమీరు కొట్టిన బంతి దొర్లుకుంటూ పోయి పక్కనే ముళ్ళపొదలో ఆగింది. అమీరు ఇతని వైపు చూశారు. ఇతను బంతి ఆకాశానికి అతుక్కుందని నిండు గొంతుతో చాటి, వేలు పైకి చూపించాడు. వజీరుతో సహా ఊరంతా మెడలెత్తింది. అమీరు దించేదాకా ఎవరూ దించలేదు.

ఇప్పుడు ప్రతి ఆటకీ అదే వరస. మెడ పట్టేసిందని మాహ్యార్ మూలుగుతుంటే నాజ్‌బానూ నువ్వులనూనె కాచి రాస్తుంది. ఆ సమయంలో ఆమె పెద్దగా మాట్లాడదని అతనే నాతో చెప్పాడు, కాస్త గొప్పగా.