పేపర్లో లేని మాట

ఒక్క మాట. ఊపిరి పీల్చి వదిలేలోపు అయిపోయిన మాట. ఇన్నేళ్లుగా దాన్ని మోస్తూనే ఉన్నాను. మా ఇంటిదానికి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాననుకుంటాను. మధ్యలో తడబడితే ఏమీ అనుకోకండి.

మాది మైపాడుకు కాస్త అవతల, సముద్రం ఒడ్డున ఊరు. అందరూ వేటకు పోయేవాళ్లే, నేను తప్ప. నాకు పడవెక్కితే కడుపులో తిప్పుతుంది. ఈ సంగతి మీద మా ఊళ్లో నన్ను ఎగతాళి చెయ్యనివాడు లేడు. ఇంటర్ దాకా చదివి, వలదారాలూ వలను తేల్చే బెండ్లూ అమ్మే చిన్న అంగడి పెట్టుకున్నాను. అంగడి ముందు తాటాకు పందిరి. పడవలు ఒడ్డుకు చేరాక అందరూ అక్కడ చేరి చినిగిన వలలు బాగుచేసుకుంటారు. చేతులు వల మీద, చెవులు నా మీద. నేను పేపరు చదవాలి. నెల్లూరు నుంచి తొలి బస్సులో వచ్చే పేపరు. ఒకరు చదవడం, పదిమంది వినడం మా నాయన కాలం నుంచీ ఉన్న అలవాటు. ఇంటింటికీ ఫోన్లు వచ్చినా అది పోలేదు.

"ఫోన్లో వచ్చేది గాలిమాట అబ్బయ్యా, అచ్చులో ఉండేదే మాట" అనేవాడు మునెయ్య మామ.

మామంటే రక్తసంబంధం కాదు, ఊరి వరస. చదువు రాదు. ఏదైనా వార్త మరీ వింతగా అనిపిస్తే వల సూది ఆపి నా వైపు చూసి అడిగేవాడు, "నిజంగా అట్టానే రాసుండాదా?" అని. "ఆ, రాసుండాది మామా" అంటే చాలు. సూది మళ్లీ కదిలేది. ఎవరి చదువును ఎవరైనా అంతగా నమ్మి ఉంటారా? నేనూ ఆ నమ్మకానికి తగినట్టే ఉన్నాను, చాలా ఏళ్లు. ఉన్నది ఉన్నట్టు చదివాను. అక్షరం కలపలేదు, అక్షరం మింగలేదు.

తర్వాత పార్టీలు వచ్చాయి. ఓట్లు ముందూ ఉన్నాయి. కానీ ఓట్ల మర్నాడు అందరం మళ్లీ ఒకే పందిరి కింద కూర్చునేవాళ్లం. అది పోయింది. ఒడ్డు మీద నుంచి పెద్దవల లాగాలంటే రెండు తాళ్లు, రెండు గుంపులు కావాలి. రెండూ సమంగా వస్తేనే వలలో చేప నిలుస్తుంది. అలాంటిది, ఈ తాడు మా పార్టీది, ఆ తాడు మీ పార్టీది అనేదాకా వచ్చింది. ఒకరి మీద ఒకరు పంతానికి పోయి, ఒక తాడు ముందొచ్చి ఒకటి వెనకబడి, వలలోని చేపంతా సముద్రంలోకే పోయిన రోజులున్నాయి. నవ్వు వస్తోంది కదూ? మాకు రాలేదు.

అప్పుడు రాజ్యంలో ఉన్నది అవతలి పార్టీ. నేను ఇటువైపు. మునెయ్య మామ తమ్ముడు రమణ అటువైపు. నాకూ అతనికీ ఒకటే ఈడు. వరసకు అతనూ మామే కాబట్టి నన్ను "అల్లుడా" అని పిలిచి మరీ ఆటపట్టించేవాడు. మునెయ్య మామకు ఏ వైపూ లేదు. ఇద్దరి మాటా విని నవ్వి, వల కుట్టుకునేవాడు.

నేను చదివే పేపరు మా పార్టీ వైపు రాసేది, ఆ రోజుల్లో అందులో అప్పుల వార్తలు ఎక్కువగా వచ్చేవి. ప్రభుత్వం అప్పు చేసి పప్పుకూడు పెడుతోందనీ, వడ్డీకే అప్పు చేస్తోందనీ. ఒకటి చెప్పాలి. ఆ భయం నాకు నిజంగానే ఉండేది. అంగడి నడిపేవాణ్ని, అప్పు సంగతి నాకు తెలియదా? ఇదంతా రేపు మా పిల్లల నెత్తిన పడుతుందని నిద్ర పట్టని రాత్రులు ఉన్నాయి. మరి అంత నిజమైన భయాన్ని పట్టుకుని నేనేం చేశాను? రమణ నోరు మూయించడానికి వాడాను. రోజూ గొంతు పెంచి చదివేవాణ్ని. అప్పు గురించి బాధ కంటే రమణ ముఖం మాడితే కలిగే సంతోషమే ఎక్కువైపోయింది.

వేట నిషేధం నెలలు. మరబోట్లన్నీ ఒడ్డున ఉన్నాయి. సర్కారు ఇచ్చే భృతి ఇంకా పడలేదు. జనం చిరాకుగా ఉన్నారు. ఉప్పుకాలవలో చేపలు పడుతుంటే మునెయ్య మామ కాలివేలిలో జెల్ల చేప ముల్లు దిగింది. జెల్ల ముల్లు మాకు కొత్త కాదు, కానీ మామకు షుగరు. పుండు మానలేదు. ఊరికొచ్చే ఆరెంపీ డాక్టరు చూసి, నెల్లూరు తీసుకుపోండి, ఆరోగ్య కార్డు మీద ప్రైవేటు ఆసుపత్రిలో ఉచితంగా చేస్తారు, ఆలస్యం చెయ్యొద్దు అన్నాడు. మర్నాడే పోవాలని అనుకున్నారు. అత్త సంచీ కూడా సర్దింది.

ఆ పొద్దున నేను అప్పుల వార్త చదువుతున్నాను. మామ కాలికి గుడ్డ చుట్టుకుని స్తంభానికి ఆనుకున్నాడు. రమణ అందుకున్నాడు.

"అప్పు అప్పు అని పొద్దస్తమానం అరస్తావే అల్లుడా. రేపు మాయన్న ఏ కార్డు మీద పోతుండాడు ఆస్పత్రికి? మా సర్కారు ఇచ్చిన కార్డే గదా! పడవెక్కితే కక్కేవోడివి, నీకెందుకబ్బా రాజ్యాల సంగతి?"

పందిరంతా నవ్వింది. మా పార్టీవాళ్లు కూడా నవ్వారు. నా చెవులు వేడెక్కాయి. చేతిలో పేపరు ఉంది. కళ్లు దాని మీదే ఉన్నాయి. నేను చదివే గొంతుతోనే, చదివే తీరులోనే అన్నాను.

"ఆస్పత్రులకు బాకీలు కట్టలేక కార్డు మీద వైద్యం నిలిపేశారు."

ఆ వాక్యం పేపర్లో లేదు. ఎక్కడా లేదు. 

నవ్వులు ఆగిపోయాయి. మామ నా వైపు చూశాడు.

"నిజంగా అట్టానే రాసుండాదా అబ్బయ్యా?"

అప్పటికైనా నవ్వేసి, ఊరికే అన్నాను మామా అని ఉంటే సరిపోయేది. రమణ ఇంకో రెండు మాటలనేవాడు. అంతేగా పోయేది? కానీ రమణ ఎదురుగా ఉన్నాడు.

"ఆ, రాసుండాది మామా."

రమణ లేచి నిలబడి, "అదంతా మీ పేపరోళ్ల రాతలే" అని విసురుగా వెళ్లిపోయాడు. ఈ సంగతి మీద నేను ఎన్నిసార్లు ఆలోచించానో లెక్కలేదు. ఆ మాట అబద్ధమని తేల్చడానికి పేపరు చేతిలోకి తీసుకుని చూస్తే చాలు. రమణకు కూడబలుక్కుని చదవడం వచ్చు. కానీ చూడలేదు. మావాళ్లు నమ్మారు కాబట్టి చూడలేదు, వాళ్లవాళ్లు ఆ పేపరునే నమ్మరు కాబట్టి చూడలేదు. రమణ పేపరును అనుమానించాడు గానీ నన్ను కాదు. పార్టీ వేరైనా అల్లుడు ఉత్తుత్తి మాట చదువుతాడని అతనికి తోచలేదు.

సాయంత్రం మామ ఇంటికి వెళ్దామని బయల్దేరాను. సగం దారిలో రమణ గొంతు వినిపించి వెనక్కి తిరిగాను. రేపు చెబుదాం అనుకున్నాను. మర్నాడు పందిట్లో పదిమంది ఉన్నారు. ఆ తర్వాత, పుండు తగ్గుతుందిలే అనుకున్నాను. డబ్బు అడగని సర్కారు పెద్దాసుపత్రి ఉంది కదా అని మీరు అడగవచ్చు. మామ వాళ్ల నాయన అక్కడే పోయాడు. ఆ గుమ్మం తొక్కనని మామ మొండికేశాడు. పసుపు పెట్టారు, వేపాకు కట్టారు. ఆరెంపీ మళ్లీ వచ్చి పొమ్మన్నా, "ఆపేసినారంట గదా, పేపర్లో వచ్చింది" అనేవాడట. భృతి పడ్డాక డబ్బు పెట్టే పోదాంలే అని ఎదురుచూశాడు. కాలు నల్లబడుతున్నది నేను చూశాను. రోజూ చూశాను. పేపరు కూడా రోజూ చదివాను. ఎలా చదివానో ఇప్పుడు నాకే అర్థం కాదు.

చివరికి మామకు జ్వరం వచ్చి తెలివి తప్పితే, రమణే ఆటోలో వేసుకుని పోయాడు. ఆసుపత్రిలో కార్డు చూపించారు. తీసుకున్నారు. అడ్డు చెప్పినవాడు లేడు. కార్డు ఒక్కరోజు కూడా ఆగలేదు. ముందే వచ్చి ఉంటే వేలితో పోయేదన్నాడట డాక్టరు. మోకాలి కింద దాకా తీసేశారు.

ఇక్కడితో అయిపోయి ఉంటే నా తప్పు ఒక కాలు పోవడంతో ఆగేది. ఇంటికొచ్చాక రమణ, కార్డు ఎప్పుడూ ఆపలేదన్నా, అక్కడ అడిగి తెలుసుకున్నానని చెప్పాడు. మామ నమ్మలేదు. 'అబ్బయ్య అచ్చులో ఉండేది చదివినాడు, వాడు నాకు అబద్ధం చెబుతాడా? నీ సర్కారు పరువు కోసం నా కాలు పోయినా అబద్ధమే చెబుతుండావా?' అన్నాడట తమ్ముణ్ని. అత్తే నాకు చెప్పింది, కళ్లొత్తుకుంటూ. నన్ను నమ్మాడు. మోసుకుని పోయి ప్రాణం నిలిపిన తోడబుట్టినవాణ్ని నమ్మలేదు. ఆ రోజు నుంచి అన్నదమ్ములిద్దరికీ మాటల్లేవు. నేను విని, కుక్కిన పేనులా ఉండిపోయాను.

ఎన్నికలప్పుడు మా పార్టీవాళ్లు మామను ప్రచారం బండి ఎక్కించారు. అప్పులు చేసి ఈ పేదవాడి కాలు తీసిన సర్కారు ఇదీ అని మైకులో చెప్పారు. మామ కూర్చోవడానికి కుర్చీ తెచ్చింది నేను. జనం కేకలు వేస్తుంటే మామ నాకేసి చూసి కొంచెం నవ్వాడు, నన్ను చూసి ధైర్యం తెచ్చుకున్నట్టు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ అన్నం సహించదు.

సర్కారు మారింది. మావాళ్లే వచ్చారు. అప్పు మాత్రం పార్టీ మారలేదు, ఉన్నచోటే పెరుగుతోంది. మా పేపర్లో దాని వార్తలు లోపలి పేజీకి పోయాయి. ఇప్పుడు రమణవాళ్లు అవతల వేరే పందిరి వేసుకుని, వాళ్ల పేపర్లో అప్పుల వార్తలు గట్టిగా చదివించుకుంటున్నారు. మామ నా పందిట్లోనే, అదే స్తంభానికి ఆనుకుని వల కుడతాడు. పడవ తొయ్యలేడు, తాడు పట్టలేడు, మిగిలింది సూదే. మొన్నొక రోజు, సర్కారు అప్పు తీరిందా అబ్బయ్యా అని అడిగాడు. లేదు మామా, పెరిగింది అన్నాను. "మరి ఇప్పుడు మనోళ్లే గదా?" అన్నాడు. మనోళ్లు అన్నాడు. ఏ వైపూ లేని మనిషిని ఒక వైపుకు తోసింది నేను.

నన్ను నేను చాలాసార్లు సమర్థించుకున్నాను. ఆస్పత్రులకు బాకీలు నిజమే కదా, ఏదో ఒక రోజు ఆగేదే కదా అని. మామ షుగరు, మామ మొండితనం, ఆయన రాత అని. ఏదీ నిలవలేదు. ఆయన అడిగింది అప్పుల గురించి కాదు. అట్టానే రాసుందా అని అడిగాడు. దానికి జవాబు నాకు తెలుసు.

ఇది మేం చదివే పేపరుకే పంపుతున్నాను. పేర్లు మార్చాను. జెల్ల ముల్లును మార్చలేదు, కాలునూ మార్చలేదు. నోటితో చెప్పడం నా వల్ల కాలేదు. మామ నమ్మేది అచ్చునే కాబట్టి అచ్చులోనే చెబుతున్నాను. వెయ్యకపోతే ఏం చేస్తానో నాకు తెలియదు. అంత ధైర్యం ఉన్నవాణ్నయితే ఇంతదాకా రానిచ్చేవాణ్నా? క్షమిస్తాడని రాయడం లేదు. క్షమించకూడదనే అనిపిస్తుంది ఒక్కోసారి. కానీ ఇంత రాశాక, చాన్నాళ్ల తర్వాత ఛాతీ నిండా గాలి పీల్చుకున్నాను. దాచను, ఆ సుఖం నాకు కావాలి.

వేస్తే, తొలి బస్సులో మా ఊరికే వస్తుంది. ఆ రోజు అవతలి పందిరికి వెళ్లి రమణను పిలుచుకొస్తాను. చదవాల్సింది నేనే. అక్షరం కలపను, అక్షరం మింగను. ఎక్కడో ఒకచోట మామ సూది ఆగుతుంది. నా వైపు చూస్తాడు.

"నిజంగా అట్టానే రాసుండాదా అబ్బయ్యా?"

"ఆ, రాసుండాది మామా."