నా బిడ్డ ముందు ఫోన్ చేసేది మహిపాల్‌కే

నిన్న పొద్దున తాండూరు నుంచి ఫోన్ వచ్చింది. మహిపాల్ లేడన్నారు.

లేడంటే ఊళ్లో లేడేమో అనుకున్నాను. ఎక్కడికి పోయిండని కూడా అడిగాను.

అవతల ఏడుపు వినిపించాక అర్థమైంది. గుండెనొప్పి. హాస్పిటల్‌కి తీసుకెళ్లేలోపే అయిపోయిందట.

మహిపాల్ నా బామ్మర్ది. నా భార్య లావణ్యకు ఒక్కగానొక్క తమ్ముడు. నా బిడ్డ శ్రావ్యకు మేనమామ.

నిన్నటి నుంచి అందరూ వాడి మంచితనం గురించి పోస్టులు పెడుతున్నారు. అన్నీ చదివాను. అన్నీ నిజమే.

నేను మాత్రం ఇంకో నిజం చెప్తాను. వాడంటే నాకు కుళ్లు. కడుపులో మంట. ఇప్పటికీ ఉంది.

దానికి కారణం మా ఇంట్లో వైఫై. నవ్వకండి.

శ్రావ్య లాప్‌టాప్‌కి ఒక రోగం ఉండేది. బాగానే నడుస్తూ నడుస్తూ వైఫై కట్ అయ్యేది. ఆన్‌లైన్ క్లాస్ మధ్యలో లెక్చరర్ నోరు తెరిచి అట్లే ఆగిపోయేవాడు.

వికారాబాద్‌లో, అదే ఇంట్లో, పక్క రూంలో తండ్రిని నేనున్నాను. పిల్ల మాత్రం తాండూరుకు ఫోన్ కొట్టేది.

"మామా, మళ్ల పోయింది."

వాడేమీ ఇంజనీర్ కాదు. దాల్ మిల్ నడుపుకునే మనిషి. నాది ఫర్టిలైజర్ షాపు. కంప్యూటర్ సంగతి ఇద్దరికీ అంతంత మాత్రమే. కాకపోతే నేను రౌటర్ స్విచ్ ఆపి, వేసి, నాలుగు తిట్లు తిట్టేవాణ్ని. వాడు స్పీకర్లో ఓపిగ్గా అడిగేవాడు.

"కోడలా, మొబైల్ డేటా బంద్ చేసి చూడు, నీ ఫోన్ల వైఫై వస్తున్నదా? మీ అమ్మ ఫోన్ల? గట్లయితే రౌటర్‌ని ఏమనకు, అది మంచిగనే ఉన్నది. లొల్లంత లాప్‌టాప్‌దే."

తర్వాత ఒక్కొక్కటే చేయించేవాడు. మా వైఫై పేరు మీద ఫర్‌గెట్ కొట్టించి, పాస్‌వర్డ్ మళ్లీ వేయించేవాడు. ఒకసారైతే ఏదో వీడియో చూసి నేర్చుకుని మరీ సెట్టింగ్స్ లోపలికి తీసుకెళ్లాడు. బ్యాటరీ మిగుల్చుకోవడానికి లాప్‌టాపే వైఫైని ఆపేసుకుంటోందట. అక్కడో టిక్ ఉంటే తీయించాడు.

కట్ అవడం చాలా తగ్గింది.

"మామ మస్తు ఉంటడు" అంది పిల్ల.

"గదైతే నేను కూడ చేస్తుంటి" అన్నాను. లావణ్య నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది.

చదువయ్యాక శ్రావ్యకు మొదటి ఆన్‌లైన్ ఇంటర్వ్యూ వచ్చింది. సరిగ్గా దానికి ముందు వైఫై మళ్లీ మొదలుపెట్టింది.

నన్ను అడుగుతుందేమోనని హాల్లోనే అటూ ఇటూ తిరిగాను. అడగలేదు.

మర్నాడు మహిపాల్ ట్రైన్ దిగి వచ్చాడు. ఈసారి చేతులూపుకుంటూ వచ్చాడు, కందిపప్పు మూట అంతకు ముందే ఇచ్చిపోయాడు కాబట్టి. కొత్త పంట రాగానే అక్కకు పప్పు తేవడం వాడు ఒక్క ఏడు కూడా మానలేదు.

లాప్‌టాప్‌ని చంటిపిల్లను ఎత్తుకున్నట్టు చేతుల మీద పెట్టుకుని ఇల్లంతా తిరిగాడు. సిగ్నల్ గీతలు తగ్గినచోటల్లా ఆగాడు. చివరికి వంటింటి గోడలో నాపరాయి అర ముందు నిలబడ్డాడు. దుమ్ము పడొద్దని లావణ్య రౌటర్‌ను ఆ అరలోనే పెట్టి గుడ్డ కప్పింది. దాని ముందు వరసగా పెద్ద పెద్ద స్టీలు డబ్బాలు.

"అక్కా, గీ డబ్బాలల్ల ఏమున్నయే?"

"నువ్వు తెచ్చిన పప్పేరా."

నాకు పట్టరాని సంతోషం. "చూసినవా? నీ పప్పే అడ్డమున్నది!" అని అరిచాను. ఒక్కసారైనా వాడి మీద గెలిచాననుకున్నాను.

వాడు నాకంటే ఎక్కువ నవ్వాడు. "దొంగను పట్టనీకె దొంగే వచ్చిండు బావా" అంటూ కింద కూలబడి నవ్వాడు. పిల్ల వాడి భుజం మీద పడి నవ్వింది. నా గెలుపు కూడా వాడికే పోయింది.

రౌటర్‌ను హాల్ గోడకు ఎక్కించి వెళ్లాడు. ఇంటర్వ్యూ ఎక్కడా ఆగలేదు. జాబ్ వచ్చింది.

మెయిల్ వచ్చినప్పుడు నేను శ్రావ్య పక్కనే అన్నం తింటున్నాను. ఎడమ చేత్తో ఫోన్ అందుకుని "మామా, జాబొచ్చింది!" అని కేక పెట్టింది. నాకూ అలాగే తెలిసింది.

ఉండబట్టలేక తర్వాత వాడినే అడిగాను. "తండ్రికంటె ముందు నీకేందిరా?"

"బావా, నువ్వు పక్కనే ఉంటివి. పక్కనున్నోనికి ఎవలన్న ఫోన్ చేస్తరా?"

ఓదార్చడంలో కూడా వాడే గెలిచాడు. ఇంకా మండింది.

నిన్న దహనం అయ్యాక లావణ్య తాండూరులోనే ఉండిపోయింది. నేనూ శ్రావ్యా ఇంటికొచ్చాం.

ఫ్రేమ్ కట్టించడానికి వాడి మంచి ఫొటో ఒకటి పంపమని పొద్దున కబురు వచ్చింది. అది శ్రావ్య లాప్‌టాప్‌లో ఉంది. పంపుతుంటే వైఫై పోయింది.

పిల్ల ఫోన్ తీసింది. మామ పేరు దాకా వేలు వెళ్లి ఆగింది.

తర్వాత నా దిక్కు తిరిగింది.

"నాన్నా, నువ్వు చూడవా?"

ఏళ్ల తరబడి ఆ మాట కోసమే చెవులు రిక్కించుకుని ఉన్నాను. తీరా వచ్చాక, నాకొద్దు అనిపించింది.

కూర్చున్నాను. ఎవరినీ తిట్టలేదు. నీ ఫోన్లో వస్తోందా అని అడిగాను. వస్తోందంది. ఫర్‌గెట్ కొట్టాను, పాస్‌వర్డ్ వేశాను. మళ్లీ పోయింది. లోపల చూస్తే ఏదో అప్‌డేట్‌తో ఆ పాత టిక్ తిరిగొచ్చి ఉంది. తీసేశాను. పక్క రూంలో కుళ్లుకుంటూ విన్నదంతా నాకు గుర్తుండిపోయింది మరి.

ఫొటో వెళ్లింది. భుజం మీద పప్పు మూటతో నవ్వుతున్న ఫొటో.

"అచ్చం మామ లెక్కనే చేసినవ్ నాన్నా" అని నన్ను పట్టుకుని ఏడ్చింది.

చూశావా మహిపాల్? నువ్వు పోయాక కూడా మార్కులు నీకే.

నా కుళ్లు పోలేదురా. నువ్వు తాండూరులో ఫోనెత్తుతూ ఉంటే, నా బిడ్డ నన్ను ఎప్పటికీ అడగకపోయినా బాగుండేది.

ఇక ఎవరి ఫోనూ ఎత్తే పని లేదు నీకు. నిమ్మళంగా పండుకో.

నీ కోడలికి నేను పక్కనే ఉన్నాను.