ఆ దెబ్బలో పుట్టిన గీత

ఫ్యాక్టరీలో అందరూ ఆమెను అద్దాలమ్మ అనేవారు. విరిగిన ఉక్కు ముక్కల్ని అద్దంలా మెరిసేదాకా రుద్ది, మైక్రోస్కోపు కింద పెట్టి, అవి ఎందుకు విరిగాయో తేల్చడం ఆమె ఉద్యోగం. "విరిగాక చెప్పేదేముందే, విరగకముందు చెప్పు, నీ జీతం నేనిస్తా," అని అన్నయ్య ఆటపట్టించేవాడు. అతను పక్క షెడ్డులోనే సుత్తి యంత్రం నడిపేవాడు.

ఒక మధ్యాహ్నం సుత్తి దెబ్బ పడగానే కింద ఉన్న ఉక్కు అచ్చు చీలింది. అరచేయంత ముక్క ఎగిరొచ్చి అన్నయ్య గుండెకు తగిలింది. ఆసుపత్రికి చేరేలోపే ప్రాణం పోయింది.

"పరధ్యానంగా కొట్టుంటాడు," అన్నాడు సూపర్‌వైజరు. ఆ మాట వదిన చెవిన పడింది.

ముక్క పరీక్షగదికి వచ్చింది.

"నువ్వు చూడొద్దమ్మా, వేరేవాళ్లకిస్తాను," అన్నాడు ఇంజనీరు.

"నేనే చూస్తాను సార్. ఇంకొకరి చేతికివ్వలేను."

రుద్దగా రుద్దగా అందులో ఆమె ముఖం తేలింది. అచ్చం అన్నయ్య పోలికే అని చిన్నప్పటినుంచీ అందరూ అనే ముఖం. లోపలి తేడాలు బయటపడేందుకు యాసిడ్ చుక్క వేయగానే అది మసకబారిపోయింది. మైక్రోస్కోపులో చూస్తే, ముదురు రంగు ఉక్కు మధ్య వెంట్రుకకన్నా సన్నగా ఒక తెల్లటి గీత. చీలిక దాని వెంటే పోయింది.

అదే రకం ఉక్కు కడ్డీలను ఇంజనీరూ ఆమే యంత్రంలో పెట్టి మెలితిప్పి చూశారు. నెమ్మదిగా తిప్పితే పుట్టిన వేడి బయటికి పోతోంది, మెలిక కడ్డీ అంతటా పరుచుకుంటోంది. ఒక్క ఉదుటున తిప్పితే ఆ వేడికి పోయే వ్యవధి లేదు. కాస్త వేడెక్కినచోట ఉక్కు మెత్తబడుతోంది, మెత్తబడ్డచోటే ఇంకా జారుతోంది, జారినకొద్దీ ఇంకా వేడెక్కుతోంది. చివరికి భారమంతా ఒక్క గీతలో పడి కడ్డీ తెగుతోంది. అన్నయ్య పోయిన వారమే పైవాళ్లు సుత్తి వేగం పెంచించారు.

ఆ తర్వాత గీత ఆమెను వదల్లేదు. గోడమీద వెలుగు పడ్డా అదే, చీర మడతలో అదే. వదిన తల దువ్వుకుంటుంటే పాపిడి చూసి ఉలిక్కిపడింది.

"ఏంటలా చూస్తావు? నాకూ చూపించు దాన్ని," అంది వదిన.

మర్నాడు తీసుకెళ్లింది. వదిన మైక్రోస్కోపుకు కన్ను ఆనించింది.

"ఆ రోజు పొద్దున ఇది ఉందా?"

"లేదు వదినా. ఆ దెబ్బలోనే పుట్టింది. అన్నయ్య సూటిగానే కొట్టాడు."

"మరి ఆయనకు తెలిసుంటుందా... చివర్లో?"

ముక్కలు అలాంటివి చెప్పవు.

సుత్తి వేగం తగ్గించారు, అచ్చులకు వేరే ఉక్కు తెప్పించారు. సూపర్‌వైజరు ఇంటికొచ్చి, "నోరు జారానమ్మా," అని తలొంచుకున్నాడు. వదిన కూర్చోమనలేదు, పొమ్మనీ అనలేదు.

అద్దాలమ్మకు వేరే భవనంలో పని ఇస్తామంటే వద్దంది. షెడ్డులో దెబ్బ పడితే ఇప్పటికీ ఆమె చెయ్యి ఆగిపోతుంది. రెండో దెబ్బ వినిపించాకే ఊపిరి తీసుకుంటుంది.