కుండ తిరగబెట్టిన నాటకం

మొన్న మా మనవరాలు అరకు బడి నుంచి ఒక కిరీటం తెచ్చి మంచం మీద పడేసింది. బడి పండక్కి రాణి వేషమట. కొన్న కిరీటం. దాని మీద తళుకు అప్పుడే రాలి దుప్పటికంతా అంటుకుంటోంది. ఒక్క పూట పెట్టుకోడానికి ఇది కొనాలా అని అడిగితే "అందరూ కొన్నారు నానమ్మా" అంది. ఆ తర్వాత దాన్ని ఏం చేస్తారంటే ఏమీ చేయరట. అయితే నాకివ్వమని చెప్పాను. పాత చీర ముక్కలో చుట్టి దాస్తే ఇంకో పిల్లకి పనికొస్తుంది. నాటకానికి నన్ను కూడా రమ్మంది గాని రానన్నాను. ఈ మోకాళ్లతో అంత దూరం వెళ్లి కుర్చీలో కూర్చోలేను. అయినా నాటకాలు చూసే ఓపిక నాకు చిన్నప్పుడే అయిపోయింది. చూసింది ఒకే నాటకం, అదీ రెండుసార్లు. రెండుసార్లూ అందులో నేనూ ఉన్నాను.

పందొమ్మిదివందల ఇరవైల నాటి సంగతి ఇది. కొండ దిగువన, సాలూరు దారిలో, మిషను వాళ్ల హైస్కూలు ఒకటి, దాంట్లోనే చిన్న తరగతులూ హాస్టలూ ఉండేవి. మా ఊరు పైన, డుంబ్రిగుడ వైపు. పొద్దున్నే బయల్దేరితే దారిలో ఎక్కడో పడుకుని మర్నాటికి దిగేవాళ్లం. మా అయ్య కొత్తగా మిషను గుడిలో చేరిన మనిషి. చేరినందుకు పిల్లల్ని బడికి పంపమన్నారు, పంపాడు. మా అప్ప, అదే మా అక్క, అప్పటికే పై తరగతిలో ఉంది. నేను అక్షరాలు దాటి గుణింతాల్లో ఉన్నాను. మా మావ, అంటే అమ్మ తమ్ముడు, ఆ బడి వంటశాలలోనే అన్నం వండేవాడు. మా అప్ప చదువులో గట్టిది. ఆ ఏడు గట్టెక్కితే సముద్రం వైపు టీచరు ట్రైనింగుకి పంపిస్తామని బడి నడిపే దొరసాని మాటిచ్చింది. మా కొండల నుంచి అలా వెళ్లిన ఆడపిల్ల అప్పటికి లేదు. మా అప్ప ఆ మాటని ఎవరికీ చెప్పేది కాదు. రాత్రి పడుకునే ముందు చాప దులిపి, మడత పెట్టి, మళ్లీ పరిచేది. ఏటే అది అంటే "అక్కడ మంచాలుంటాయంట, సాప అలవాటు తప్పాల" అనేది.

తెలుగు పంతులుగారు విజయనగరం వైపు వారు. కొండ నీళ్లు పడక ఏడాదిలో సగం జ్వరంతోనే ఉండేవారు. జ్వరం లేనప్పుడు పాఠం చెప్పేవారు, ఉన్నప్పుడు పాటలు కట్టేవారు. అలా కట్టిన పాటలన్నీ కలిపి ఒక సంగీత నాటకం చేశారు. ఒక రాజు కొండల్లోకి వేటకొచ్చి కొండపిల్లని చూసి పెళ్లాడతాడు, తర్వాత కరువొస్తే ఆ పిల్ల అడవి దుంపలు చూపించి రాజ్యాన్ని బతికిస్తుంది. అయిదు అంకాలు. ఏటా ఆడవేషాలు మగపిల్లలే కట్టేవారు గాని ఆ ఏడు వాళ్లందరికీ ఒకేసారి గొంతులు మారాయి. పాట ఎత్తుకుంటే గేదెలు అరిచినట్టుండేది. పంతులుగారు దొరసాని దగ్గరికెళ్లి ఆడపిల్లల్ని అడిగారు. ఆవిడ నెల రోజులు ఆలోచించి, ప్రతి రిహార్సలుకీ తను కూర్చుంటానని, నాటకం ఎండ ఉండగానే అయిపోవాలని చెప్పి ఒప్పుకుంది. కొండపిల్ల మా అప్ప. నేను చెలికత్తెల్లో చివరిదాన్ని. మా కిరీటాలు వెదురు బద్దలవి, వాటి మీద గంజితో అతికించిన తళుకు కాగితాలు. ఒక్కటి కూడా ఎవరూ కొనలేదు.

పంతులుగారికి అన్నీ నిజంలాగే ఉండాలి. "మీ కొండల్లో పిల్లని ఎలా అడుగుతారర్రా?" అని మమ్మల్నే అడిగారు. మేం పోటీలు పడి చెప్పాం. మగపిల్లవాడి తరపున అన్నో చిన్నాన్నో ఒక కుండతో కల్లు తెచ్చి పిల్ల తరపువాళ్ల ముందు పెడతాడు. పిల్ల మేనమామ దాన్ని తాగితే పిల్లనిచ్చినట్టే. తాగకుండా తిరగబెడితే, అంటే తెచ్చినవాళ్ల ముందే తిరిగి పెట్టేస్తే, లేనట్టే. మరి మాటా మంతీ ఏమీ ఉండదా అన్నారు ఆయన. కుండ ఉండగా మాటలెందుకు అన్నాం. ఆయన సంతోషపడి దాన్ని రెండో అంకంలో పెట్టేశారు. దొరసాని కల్లు వద్దంది కాబట్టి కుండలో నీళ్లు. రాజు వేషం మా పక్క ఊరి అబ్బాయిది, గొంతు మారినా మగవేషానికి ఫరవాలేదు. వాడి అన్న కూడా మా బడిలోనే చదువుకునేవాడు, వాడు కుండ తేవాలి. తాగే మేనమామ వేషం దిగువ ఊరి పిల్లవాడిది.

నాటకం నాడు ఆ పిల్లవాడికి చలిజ్వరం వచ్చి దుప్పటి కింద వణుకుతున్నాడు. పంతులుగారు వంటశాలలోకి పరిగెట్టి మా మావని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చారు. వేషంలో ఉన్నవి మూడు మాటలు, మిగతాదంతా తాగడమే. "నీళ్లే గదా, తాగీస్తాను బాబూ" అన్నాడు మావ. ఆ రోజు సాలూరు సంతకి అల్లం, చింతపండు తెచ్చిన మా ఊరి వాళ్లూ, పక్క ఊరి వాళ్లూ పిల్లల వేషాలు చూద్దామని వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. రాజు అన్న కుండ తెచ్చి పెట్టాడు. మావ రెండు చేతులతో ఎత్తి గటగటా తాగేశాడు, పొద్దున్నుంచీ పొయ్యి దగ్గరున్న మనిషి మరి. తాగి మూతి తుడుచుకునేసరికి పక్క ఊరి ఆడవాళ్లు లేచి చేతులు కలిపి పాట ఎత్తుకున్నారు. నాటకంలో లేని పాట. పంతులుగారు హార్మోనియం మీద వాళ్ల వెనకే పోతూ, "చూశారా, జనం ఎలా కరిగిపోయారో" అని దొరసానితో అన్నారు. దొరసాని తలూపింది. మిగతా మూడు అంకాలూ బాగానే జరిగాయి. కరువులో మేం అందరం ఏడ్చాం.

పంట సెలవులకి ఇంటికెళ్లాం. ఒక పొద్దున్న రాజు వేషం కట్టినవాడి తండ్రి, నలుగురు పెద్దలూ మా వాకిట్లోకి వచ్చి కూర్చున్నారు. మేకని తెచ్చారు. మా అయ్య ఎందుకొచ్చారో తెలియక నీళ్లిచ్చాడు.

"గుంటని ఎప్పుడంపుతావు?" అన్నాడాయన. పిల్లని గుంట అంటారు మా వైపు.

"ఏ గుంటని?"

"ఏ గుంటేటి, కుండ తాగీసినారు గదా."

మా అయ్య నవ్వాడు. అది నాటకం అన్నాడు, అందులో నీళ్లన్నాడు. ఆయన నవ్వలేదు. "కుండలో ఏటుందో ఎవలు సూత్తారు, తాగినోడెవడో సూత్తారు. నా పెద్దకొడుకు తెచ్చినాడు, నీ బావమరిది తాగినాడు. రెండూళ్లూ సూసినాయి. నాను ఇంటికెళ్లి నా తల్లికి సెప్పీసినాను" అన్నాడు. కోపం లేదు ఆ గొంతులో, పైగా మంచి సంబంధమన్న ఆనందముంది. మా అప్ప లోపల చాట పట్టుకుని నిలబడిపోయింది. ఆ పూట ఆమె చెరిగిన చోళ్లలో, అదే రాగుల్లో, పొట్టు అలాగే ఉండిపోయింది.

ఊరి అరుగు మీద, మా పెద్ద ముందు కూర్చున్నారు. మావని పిలిపించారు. వద్దంటే తప్పు కట్టాలి, కట్టినా రెండూళ్ల మధ్య మాటలుండవు, పెళ్లిళ్లుండవు. ఇస్తే మా అప్ప ట్రైనింగు అంతే. అబ్బాయిని అడిగారు. వాడు తల దించుకుని "నాను రాజుని గాని పెళ్లికొడుకుని కాను గదా" అన్నాడు, వాడి తండ్రి వీపు మీద ఒకటి వేశాడు. మా అప్పని అడిగారు. ఆడపిల్లని అడగడం మామూలు కాదు, అయినా అడిగారు. "ఆ అబ్బి మీద కోపం లేదు. ట్రైనింగుకి ఎల్తాను" అంది. అంతే అంది. పెద్ద చుట్ట ఆర్పి తీర్పు చెప్పాడు. కుండ ఎలా తాగారో అలాగే తిరగబెట్టాలి. ఆ మనుషులే, ఆ పాటలే, చూసిన రెండూళ్లే. నాటకంలో తాగిన కుండని నాటకంలోనే తిప్పాలి. "ఆ పంతుల్ని ఎక్కమను కొండ" అన్నాడు.

పంతులుగారు ఎక్కారు. వద్దని దొరసాని అన్నా ఎక్కారు. హార్మోనియం కావిడిలో ఒక పక్క, దానికి సమానంగా రెండో పక్క బియ్యం మూట. ఆయన వెనక కర్ర పట్టుకుని, దగ్గుతూ, ఆగుతూ వచ్చారు. మా వాకిట్లో కూలబడి, "అమ్మాయీ, నా తప్పే ఇది" అన్నారు మా అప్పతో. తర్వాత పెద్ద దగ్గరికెళ్లి, రెండో అంకంలో కుండ తిప్పేసినా మిగతా మూడూ ఆడుకోనివ్వమని బతిమాలారు. "తిప్పేశాక రాజు ఇంకోసారి అడిగినట్టు పెడతాను" అన్నారు. "ఇంకోసారి అడిగితే ఇంకో కుండ కావాల" అన్నాడు పెద్ద.

పండిన చోడి చేను పక్కన ఖాళీలో ఆడాం. తెర లేదు. అదే కిరీటాలు, గంజి ఊడినచోట మళ్లీ గంజి పెట్టాం. మొదటి అంకం ఎవరికీ పట్టలేదు, రాజు వేటకొచ్చాడో లేదో కూడా చూడలేదు. కుండ వచ్చేసరికి రెండూళ్లూ ముందుకి జరిగి కూర్చున్నాయి. రాజు అన్న దాన్ని మావ ముందు పెట్టాడు. మావ ఎత్తాడు. పంతులుగారు రాసిచ్చిన పద్యం ఒకటుంది చెప్పడానికి. మావకి అది రాలేదు. ఎదురుగా కూర్చున్నవాళ్లతో సంతల్లో కలిసి తిరిగిన మనిషి, వాళ్ల ముఖం మీద కుండ ఎలా తిప్పుతాడు? కుండ వంగి నీళ్లు అంచు దాకా వచ్చాయి. నేను మా అప్ప పక్కనే నిలబడ్డాను. ఆమె పాడడం ఆపేసింది. ఒక్క గుక్క మావ నోట్లోకి పోతే చాలు, సముద్రమూ లేదు, మంచమూ లేదు.

మావ నాటకం వదిలేసి మనుషుల్లోకి నడిచాడు. కుండని ఆ తండ్రి ముందు పెట్టి, "మాకొద్దు బావా. నీ మీద ఏటీ లేదు. గుంట సదువుకుంటాదంట" అన్నాడు.

ఆయన కుండలోకి చూశాడు. కొండెక్కి వచ్చిన మనిషి, దాహం వేసినట్టుంది. తనే ఎత్తి ఆ నీళ్లన్నీ తాగేసి, ఖాళీ కుండ కొడుకు చేతికిచ్చాడు. "మరి ఎలిపోదుమా" అన్నాడు తన వాళ్లతో. లేచారు. పంతులుగారు మూడో అంకం శ్రుతి పట్టుకుని కూర్చునే ఉన్నారు. చూసేవాళ్లు చెదిరిపోతుంటే కాసేపటికి హార్మోనియం మూశారు. కరువూ దుంపలూ రాజ్యం బతకడమూ ఆ కొండ మీద జరగలేదు. మర్నాడు ఆయనకి జ్వరం కాసింది, డోలీలో దింపారు. తర్వాత మైదానం వైపు బదిలీ చేయించుకుని వెళ్లిపోయారు. ఆయన మళ్లీ నాటకం రాశారో లేదో మాకు తెలియదు.

మా అప్ప బడికి తిరిగెళ్లి, ఆ ఏడు గట్టెక్కి ట్రైనింగుకి వెళ్లింది. ఆ పంట సెలవులయ్యాక ఆమెతో పాటు నేనూ మూట కట్టుకున్నాను. మా అయ్య గుమ్మంలో కూర్చుని కొడవలి నూరుకుంటున్నాడు. తలెత్తకుండానే, "ఒక గుంట కోసం ఊరంతా నాటకం ఆడీసినాం. రెండోదాని కోసం ఆడే ఓపిక నాకు లేదు, కూకో" అన్నాడు. కోప్పడలేదు, అలిసిపోయాడు. నేను మూట విప్పి, చీర మడతపెట్టి, మేకల్ని తోలుకెళ్లాను.

మా అప్ప ముప్పై ఏళ్లు పైగా పాఠాలు చెప్పింది. సెలవులకి వచ్చి నా చేత నాలుగు ముక్కలు చదివించేది, ఈ రాత ఆ చలవే. పోయి కూడా చాలా కాలమైంది. చెడిన మాటని మళ్లీ ఆడించి సరిచేసే పెద్దలు ఒకప్పుడు మా కొండల్లో ఉండేవారు. నేను బడి మానిన ఆ పొద్దుటిని కూడా ఇంకోసారి ఆడించమని వాళ్లని అడగొచ్చని నాకు తోచేసరికి, నా పిల్లలకే పిల్లలు పుట్టారు, అడగడానికి ఆ అరుగు మీద ఎవరూ మిగల్లేదు.